ఆ పదిహేను మందిని ఏం చేద్దాం?

పోటీ పరీక్షల లోకంలో ఒక కాలనీ ఉంది. జనాభా 200. అక్కడ రోడ్లున్నాయో లేవో, కుళాయి వస్తుందో రాదో ఎవరికీ తెలీదు, ప్రశ్నపత్రంలో ఇవ్వలేదు కాబట్టి. ఇచ్చిందల్లా వాళ్లేం తాగుతారన్నదే. టీ తాగేవాళ్లు 110 మంది, కాఫీ 90, మజ్జిగ 80. టీ, కాఫీ రెండూ తాగేవాళ్లు 40. కాఫీ, మజ్జిగ రెండూ 35. టీ, మజ్జిగ రెండూ 30. మూడూ తాగేవాళ్లు 15. ఏదీ తాగనివాళ్లు ఎంతమంది? ఆప్షన్లు: 10, 25, 40, 55.

ఏదీ తాగనివాళ్ల జోలికి మనం పోవద్దు, వాళ్లు మర్యాదస్తులు. ఈ కాలనీలో శాంతిభద్రతల సమస్యంతా ఆ 15 మందితోనే. పొద్దున కాఫీ, మధ్యాహ్నం మజ్జిగ, సాయంత్రం టీ పుచ్చుకుంటూ లక్షలాది నిరుద్యోగుల భవిష్యత్తుతో ఆడుకుంటున్న వీళ్ల మీద ఇంతవరకూ ఏ ప్రభుత్వమూ చర్య తీసుకోలేదు.

నేరం ఎలా జరుగుతోందో చూడండి. 110, 90, 80 కూడితే 280. జనాభా కన్నా 80 ఎక్కువ. పరీక్ష రాసే కుర్రాడికి ఇక్కడ చెమటలు పడతాయి. అదే ప్రభుత్వ శాఖ అయితే "కాలనీలో 140 శాతం మందికి లబ్ధి" అని పత్రికా ప్రకటన ఇచ్చి భోజనానికి వెళ్తుంది. నిజానికి ఆ 280 మనుషుల లెక్క కాదు, గ్లాసుల లెక్క. ఒక్కటే తాగేవాడు ఒక గ్లాసు, రెండు తాగేవాడు రెండు, మనవాళ్లు తలా మూడు.

ఎక్కువైంది తీసేయాలి కదా అని జంటల మొత్తం 40, 35, 30 కలిపి 105 తీసేస్తాం. 175 మిగులుతుంది. రెండు మాత్రమే తాగేవాళ్లకు న్యాయం జరిగింది: రెండుసార్లు లెక్కకొచ్చారు, ఒకసారి తీశాం, ఒకసారి మిగిలారు. కానీ ఆ 15 మందీ మూడు జంటల్లోనూ ఉన్నారు. మూడుసార్లు లెక్కకొచ్చారు, మూడుసార్లు కొట్టేశాం. మూడు బూత్‌లలో పేరున్న ఓటరును సవరణ పేరుతో మూడుచోట్లా తీసేసినట్టు, మనిషే మాయం. అందుకని వాళ్లను బతిమాలి మళ్లీ లోపలికి తెచ్చుకోవాలి: 175కి 15 కలిపితే 190. ఏదీ తాగనివాళ్లు 10.

ఇప్పుడు ఆప్షన్లు ఇంకోసారి చూడండి. 10, 25, 40, 55. మధ్య తేడా ఎంత? 15, 15, 15. ఇది యాదృచ్ఛికం అనుకునేవాళ్లు ప్రశ్నపత్రం తయారుచేసేవాళ్లను తక్కువ అంచనా వేస్తున్నారు. చివర 15 కలపడం మరిచిపోయినవాడికి 175 వస్తుంది, వాడికోసం 25 ఉంచారు. కలపడానికి బదులు తీసేసినవాడికి 160 వస్తుంది, వాడికి 40. "రెండూ తాగేవాళ్లు 40" అంటే ఆ రెండు మాత్రమే తాగేవాళ్లు అనుకుని, 15ను విడిగా పెట్టుకున్నవాడికి 145 వస్తుంది, వాడికి 55. ఈ మూడు తప్పుల్లో ఏది చేసినా సమాధానం 15 గుణిజాల్లోనే జరుగుతుంది, ఎందుకంటే మిగతా 185 మంది విషయంలో వీళ్లెవరూ తప్పు చేయరు. ఈ 55 వాడి పరిస్థితి మరీ దయనీయం. వాడి లెక్కలో కాఫీ మాత్రమే తాగేవాళ్లు సున్నా, మజ్జిగ మాత్రమే తాగేవాళ్లు సున్నా. చూడ్డానికి ఎంత అందంగా ఉందంటే, సరిచూసుకోవాలన్న ఆలోచన కూడా రాదు. పెన్నుతో గుండ్రం నల్లగా దిద్దేసి, నెగెటివ్ మార్కు జేబులో వేసుకుని వస్తాడు.

దీనికి నా దగ్గర శాశ్వత పరిష్కారం ఉంది. ప్రతి పౌరుడికీ ఒకే పానీయం కేటాయించి ఆధార్‌తో అనుసంధానం చేయాలి. మూడూ వియుక్త సమితులు, అంటే ఒకదాంట్లో ఉన్నవాడు ఇంకోదాంట్లో ఉండని గుంపులు, అయిపోతాయి, కూడిక వస్తే చాలు. కోచింగ్ సెంటర్లు అభ్యంతరం చెప్పొచ్చు. వాటికి నష్టపరిహారంగా పడవలు, ప్రవాహాల లెక్కలు వదిలేద్దాం.

చట్టం వచ్చేదాకా మాత్రం పానీయానికొకటి చొప్పున, ఒకదాని మీద ఒకటి కొంత పడేలా మూడు వృత్తాలు గీసుకోక తప్పదు. గీసినవాళ్లలో చాలామంది టీ వృత్తం ఖాళీలో 110 అని దర్జాగా రాసేస్తారు. ఆ ఖాళీ 110 మందిది కాదు, టీ తప్ప ఇంకేదీ ముట్టని నిష్ఠాపరులది. కాబట్టి నింపడం నడిమధ్య నుంచి మొదలవ్వాలి. మధ్యలో 15. దాన్ని ఆనుకున్న మూడు ఆకుల్లో 40-15, 35-15, 30-15, అంటే 25, 20, 15. ఆ తర్వాతే చివరి ఖాళీలు: టీ 110 నుంచి 25, 15, 15 పోతే 55, కాఫీ 90 నుంచి 25, 20, 15 పోతే 30, మజ్జిగ 80 నుంచి 20, 15, 15 పోతే 30. ఏడు గదులూ కూడితే 190. ఎనిమిదో గది వృత్తాల బయట, కాలనీ మొత్తానికి గుర్తుగా వాటి చుట్టూ గీసే డబ్బా లోపల. అక్కడ మన 10 మంది ప్రశాంతంగా మంచినీళ్లు తాగుతుంటారు. ఆ డబ్బా గీయనివాళ్లు ఈ పది మందినీ మరిచిపోయి 200నే సమ్మేళనం, అంటే ఏదో ఒకటైనా తాగేవాళ్ల మొత్తం, అనుకుంటారు.

టైము లేదు, వృత్తాలు గీయలేనంటారా? గ్లాసుల దారి ఉంది. గ్లాసులు 280, తాగే మనుషులు 190. తలా ఒక గ్లాసు ఇచ్చేస్తే మిగిలినవి 90. అవి రెండో గ్లాసులు, మూడో గ్లాసులు. మూడో గ్లాసులు 15 అయితే రెండో గ్లాసులు 75, అంటే కనీసం రెండు తాగేవాళ్లు 75 మంది, కచ్చితంగా రెండు తాగేవాళ్లు 60, ఒక్కటే తాగేవాళ్లు 115. సూత్రం ఏదీ బట్టీపట్టకుండానే మూడు బిట్లు అయిపోయాయి. షార్ట్‌కట్ల పుస్తకం అచ్చేసేవాళ్లు క్షమించాలి.

సూత్రం మాత్రమే నమ్ముకుంటే ఇంకో ప్రమాదం ఉంది. ఒకరోజు ప్రశ్న తయారుచేసే పెద్దమనిషికి నిద్ర సరిపోక టీ, కాఫీ రెండూ 60 అని, కాఫీ, మజ్జిగ రెండూ 50 అని ఇచ్చాడనుకోండి. మిగతావి మామూలే. సూత్రం నోరెత్తకుండా 280-140+15, అంటే 155 ఇస్తుంది, ఏదీ తాగనివాళ్లు 45. శుభ్రంగా ఉంది, ఆయన కొత్తగా ఇచ్చిన ఆప్షన్లలోనూ ఉంది. వృత్తాల్లో నింపి చూడండి: కాఫీలో 90 నుంచి 45, 35, 15 పోతే మైనస్ 5. కాఫీ మాత్రమే తాగేవాళ్లు మైనస్ ఐదుగురు! వీళ్లు తాగరు, ఫ్లాస్కులోకి తిరిగి పోస్తారు కాబోలు. ప్రిలిమినరీ కీ మీద అభ్యంతరం పెట్టాలంటే ఈ ఐదుగురే సాక్షులు, సూత్రం చచ్చినా సాక్ష్యం చెప్పదు. ఈ లెక్కను అనుమానించి పది నిమిషాలు పోగొట్టుకున్న తెలివైనవాడికి, గుడ్డిగా 45 పెట్టినవాడికి చివరికి ఒకే మార్కు కలుపుతారు. ఇదీ సమన్యాయం.

ఒక్కోసారి ఆ మధ్య వాళ్ల సంఖ్యే ఇవ్వరు. 100 మందిలో టీ 80, కాఫీ 75, మజ్జిగ 70, మూడూ తాగేవాళ్లు కనీసం ఎంతమంది అంటారు. ఇక్కడ తాగేవాళ్ల వెంటపడితే దొరకరు, తాగనివాళ్లను పట్టుకోవాలి. టీ వద్దన్నవాళ్లు 20, కాఫీ వద్దన్నవాళ్లు 25, మజ్జిగ వద్దన్నవాళ్లు 30. వీళ్లంతా వేర్వేరు మనుషులే అయినా 75 దాటరు. మిగిలిన 25 మందికి తప్పించుకునే దారి లేదు, మూడూ తాగాల్సిందే. గరిష్ఠం అడిగితే 70, మజ్జిగవాళ్లంతా మిగతా రెండూ తాగితే సరి.

ఇంతకీ ఈ వృత్తాలకు బాధ్యుడు జాన్ వెన్ అనే ఇంగ్లీషాయన, 1880లో ఒక వ్యాసం రాసి మన మెడకు చుట్టాడు. వృత్తాలతో తర్కం చెప్పడం అంతకుముందే ఆయిలర్ అనే గణితవేత్త చేశాడు గానీ, ఆయన నిజంగా కలిసేవాటినే కలిపి గీసేవాడు. మనిషి లేకపోయినా సరే, ప్రతి కలయికకూ ఒక గది కట్టించి పెట్టినవాడు వెన్. కేంబ్రిడ్జిలో ఆయన చదివిన కాలేజీ వాళ్లు మూడు వృత్తాలను కిటికీ అద్దంలో పెట్టి గౌరవించుకున్నారు. వాళ్లకేం, వాళ్లు దాన్ని నింపక్కర్లేదు.

మూడింటితో ఆగితే సరిపోయేది. ఈమధ్య కొన్ని పత్రాల్లో నాలుగో పానీయంగా బాదంపాలు వస్తున్నాయి. నాలుగు సమితులకు 16 గదులు కావాలి. నాలుగు వృత్తాలు ఎలా తిప్పి గీసినా 14కు మించి రావు. నాలుగు మూలలా గీస్తే ఎదురెదురు మూలల జంటలకు విడిగా చోటు దొరకదు. టీ, మజ్జిగ ఎదురెదురు పడ్డాయంటే, ఆ రెండు మాత్రమే తాగేవాళ్లకు కాలనీలో ఇల్లు లేనట్టే. వెన్ వృత్తాలు మానేసి దీర్ఘవృత్తాలు వాడాడు. రఫ్ వర్క్ కాగితం మీద అవి కుదిరి చావవు గనక, తాగుతాడు, తాగడు అని 16 వరుసల పట్టిక వేసుకోండి. టీ, మజ్జిగవాళ్లు పట్టికలో దొరుకుతారు.