రోబో కార్టూన్లన్నీ బొమ్మల యాడ్సేనా?

“జెయింట్ రోబో కార్టూన్లు 1979లో జపాన్ సీరియల్ గండమ్‌తో మొదలయ్యాయి. అవన్నీ బొమ్మల కంపెనీలు తీయించుకున్న అరగంట యాడ్సే. ట్రాన్స్‌ఫార్మర్స్ మాత్రం అచ్చంగా అమెరికా సొంత సరుకు.” ఈ మెసేజ్ తిరగని గ్రూపు లేదు. డిజైన్ కోర్సులో నా ప్రాజెక్టు రోబో యానిమేషన్ చరిత్ర మీద టైమ్‌లైన్ పోస్టర్. దాని రివ్యూలోనూ ఇదే మాట ఎదురైంది. అక్కడ రెండు ముక్కల్లో సరిపెట్టాను, ఇక్కడ కాస్త వివరంగా చెబుతాను.

మొదటిది తేదీల సంగతి, త్వరగానే తేలిపోతుంది. అమెరికాలో ఫ్లైషర్ స్టూడియో 1941లో తీసిన ఒక సూపర్‌మ్యాన్ కార్టూన్‌లోనే ఎగిరే ఇనుప రోబోలు వచ్చి బ్యాంకు దోచుకుపోతాయి. జపాన్‌లో ఒసాము తెజుకా ఆస్ట్రో బాయ్ 1963 జనవరి 1న టీవీకెక్కింది. అదే ఏడాది అక్టోబరులో టెట్సుజిన్ 28 వచ్చింది. ఈ రోబోకి సొంత బుర్ర లేదు. రిమోట్ ఎవరి చేతిలో ఉంటే వాళ్ల మాటే వింటుంది, అది దొంగైనా సరే. 1972లో గో నాగాయ్ మాజింగర్ జెడ్‌లో కుర్రాడు ఏకంగా రోబో తలలోకెక్కి నడిపాడు. గండమ్ వీటన్నిటి తర్వాతిది.

యాడ్స్ అన్న మాటలో కొంత నిజముంది, అందుకే జనం నమ్ముతారు. పోస్టర్‌లో ఒక్కో కార్టూన్ కింద స్పాన్సర్ ఎవరో రంగుతో గుర్తు పెట్టాను. 1963 దగ్గర రెండూ చాక్లెట్ రంగే! ఆస్ట్రో బాయ్‌కి మెయిజీ, టెట్సుజిన్‌కి గ్లికో. రెండూ మిఠాయి కంపెనీలే. మాజింగర్ కూడా కామిక్‌గా, కార్టూన్‌గా వచ్చాకే, 1974లో, పేరుమోసిన లోహపు బొమ్మగా షాపుల్లోకి వచ్చింది.

గండమ్ దగ్గర మాత్రం బొమ్మల కంపెనీ నిజంగానే నెత్తిన కూర్చుంది. క్లోవర్ అనే ఆ స్పాన్సర్‌కి చిన్నపిల్లల కంటికి ఆనే రంగులు కావాలి. హీరో రోబో ఛాతీ నీలం, నడుము ఎరుపు, మధ్యలో పసుపు అయింది అందుకే. యుద్ధరంగంలో అలాంటి బట్టలేసుకుని ఎవడైనా తిరుగుతాడా? ఇప్పుడు శత్రువుల రోబో జాకుని చూడండి. ముదురాకుపచ్చ ఒళ్లు, చీలికలో అటూ ఇటూ జరిగే ఒంటి కన్ను, మూతి దగ్గర్నుంచి వెనక్కి పోయే గొట్టాలు. విలన్ బొమ్మ అమ్మే ఆలోచన స్పాన్సర్‌కి లేదు కాబట్టి, డిజైనర్ కునియో ఒకావారాకి ఇక్కడ చెయ్యి ఆడింది. నన్నడిగితే ఆ సీరియల్‌లో అన్నిటికన్నా మంచి డిజైన్ ఇదే.

ఇంతా చేస్తే యాడ్‌గా అది ఫెయిలైంది. రేటింగ్స్ లేక 52 ఎపిసోడ్ల ప్లాన్‌ని 43కి కోసేసి, 1980 జనవరిలో ముగించారు. జనం ఎగబడి కొన్న, ముక్కలు జోడించి రోబోని తయారుచేసుకునే ప్లాస్టిక్ కిట్లు అప్పటికి లేనే లేవు. బందాయ్ అనే మరో బొమ్మల కంపెనీ 300 యెన్ల మొదటి కిట్ తెచ్చింది ఆ జులైలో! తర్వాత విలన్ జాకు కిట్లు కూడా బాగా అమ్ముడుపోయాయి.

ఇక ట్రాన్స్‌ఫార్మర్స్, అంటే కార్లుగా, విమానాలుగా మారిపోయే రోబోలు. నిజానికి అరగంట యాడ్ అనే మాట బాగా నప్పేది దీనికే, మెసేజ్ రాసినాయన మెచ్చుకున్నదీ దీన్నే. 1984 నాటి ఆ తొలి బొమ్మల్లో చాలావాటి అచ్చులు జపాన్ కంపెనీ తకారావి. డయాక్లోన్, మైక్రోమన్ అనే పేర్లతో అంతకుముందే అక్కడ అమ్మినవి. వాటి హక్కులు కొన్నది అమెరికా బొమ్మల కంపెనీ హాస్‌బ్రో. పేర్లు, గుణాలు, కథ అమెరికా కామిక్స్ కంపెనీ మార్వెల్ వాళ్లు సమకూర్చారు. కార్టూన్ బొమ్మల్లో చాలా భాగం గీసింది మళ్లీ జపాన్‌లోనే, తోయెయి స్టూడియోలో. కథలో ఈ రోబోలకి సొంతంగా ప్రాణముంది, డ్రైవర్‌తో పని లేదు. అయినా ఆ తొలి కార్ల బొమ్మల్లో కొన్నిటి తలుపు తెరిస్తే లోపల వేలెడంత మనిషి కూర్చునే సీటు కనిపిస్తుంది. అది డయాక్లోన్ డ్రైవర్ కోసం చేసిన సీటు. అచ్చు మార్చకుండా అలాగే వదిలేశారు.