మాత్ర పేరెందుకు, మగత సంగతి అడగండి

జలుబు చేస్తే డాక్టరు దగ్గరికి ఎవరు వెళ్తారు? తిరుపతి బస్టాండు దగ్గర ఏ మందుల షాపులోనైనా చిల్లర డబ్బులకే సిట్రిజిన్ దొరుకుతుంది. వేసుకున్న కాసేపటికి కొందరికి రెప్పలు బరువెక్కుతాయి. ఇంట్లో పడుకునేవాడికి అది హాయే. పాత ఘాట్‌లో మలుపు మలుపుకీ బ్రేకు తొక్కుతూ తిరుమల నుంచి బస్సు దించేవాడికి?

డ్యూటీకి ముందు ఊదించే మిషన్ సారాను పడుతుంది, మాత్రను పట్టదు. 1988 మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ 100 మి.లీ. రక్తంలో 30 మి.గ్రా. దాటిన ఆల్కహాల్‌నే కాదు, బండిని అదుపు చేయలేనంత మత్తులో నడపడాన్నీ నేరమంటుంది. కానీ అది బండి కదిలాక మాట. కదలకముందు చూసుకోవాల్సింది యాజమాన్యమే.

అందుకని ‘ఏ మందులు వాడుతున్నారో అందరూ రాసివ్వండి’ అని ఫారం పంచితే సరిపోతుందా? మందు పేరు చెబితే జబ్బు పేరు చెప్పినట్టే. అమిట్రిప్టిలిన్‌ను నరాల నొప్పికీ ఇస్తారు, డిప్రెషన్‌కీ ఇస్తారు. సాయంత్రానికల్లా టీ బంకు దగ్గర రెండోదే ఖాయమైపోతుంది. హెచ్‌ఐవీ ఉన్నదీ లేనిదీ చెప్పమని ఎవరినీ బలవంతపెట్టకూడదని 2017 చట్టం అంటోంది. ఈ ఫారం దాన్నీ తొక్కేస్తుంది. అమెరికాలో 1990 నాటి వికలాంగుల చట్టం కింద, ఉద్యోగులందరినీ మందుల గురించి అడగడం కుదరదు. ప్రజల ప్రాణాలతో ముడిపడిన పనుల్లో ఉన్నవాళ్లను మాత్రమే, అదీ పనికి అడ్డొచ్చే మందుల గురించే అడగొచ్చు. గుమాస్తాకీ డ్రైవరుకీ ఒకే ప్రశ్న వేయడం మన దగ్గరి బద్ధకం.

పైగా పేరు తెలిసినంత మాత్రాన ప్రమాదం తెలియదు. షుగరుకు గ్లిమిపిరైడ్ వాడే డ్రైవరు వేళకు తింటే ఏ ఇబ్బందీ ఉండకపోవచ్చు. అదే మనిషి శనివారం ఒక్కపొద్దు ఉండి, మాత్ర మాత్రం మానకుండా స్టీరింగ్ పట్టుకుంటే షుగరు పడిపోయి, చెమటలు పట్టి, చేతులు వణికి, మెదడు మసకబారవచ్చు. మన ఊళ్లో శనివారం ఎంతమంది ఒక్కపొద్దుంటారో చెప్పాలా! ఫారంలో ఇది ఏ గడిలో రాస్తారు?

కాబట్టి మేనేజరుకు తెలియాల్సింది ఒక్కటే: ఈ పూట ఈ మనిషి బండెక్కొచ్చా, లేదా? మందు సంగతి కంపెనీ డాక్టరు దగ్గరే ఆగిపోవాలి. వద్దంటే ఆ పూట కౌంటరులోనో స్టోర్సులోనో పని ఇవ్వాలి, జీతం కోయకుండా. నిజం చెబితే డ్యూటీ పోతుందని తెలిసిన కాంట్రాక్టు డ్రైవరు, పిల్లల ఫీజు గుర్తొచ్చి, ‘ఏమీ వాడట్లేదు సార్’ అనే అంటాడు.