ఏటీవీ గారూ, ఆ సీటెందుకండీ అంత పొడుగు?

ఏటీవీ గారికి, అదే బీచ్‌లో ఇసక మీద తోలుకోడానికి అద్దెకిచ్చే, బైకు హ్యాండిలున్న నాలుగు చక్రాల బండి గారికి దండాలండీ. ఇచ్ఛాపురం పక్కనుంచి రాస్తున్నా, మా దగ్గర ఫోను ఒక్కోసారి తనంతట తనే ఒరిస్సా టవరు పట్టేసుకుంటది, అలాంటి ఊరు. మొన్న సంక్రాంతికి సముద్రపొడ్డున మీ దర్శనమయ్యింది కదా, అప్పట్నుంచీ ఈ ఉత్తరం కడుపులోనే ఉండిపోయింది.

మీకు నాలుగు చక్రాలు. మావాళ్ళకి అదొక్కటి చాలు. మంచానికి నాలుగు కోళ్ళున్నాయి, పడతాదేటి బావా అన్నాడు మా బావమరిది. నిజమే, కానీ మంచాన్ని ఎవడూ ఇసకదిబ్బ మీద అడ్డంగా తోలడు కదా. బైకు పడితే మనం ఒక పక్కకి, అది ఒక పక్కకి పోతాం చాలాసార్లు. మీరు బోల్తా కొడితే మాత్రం రెండు మూడొందల కేజీల మనిషి, ఎక్కినోడి మీదే పడుకుంటారంట, అంత ప్రేమ.

మిమ్మల్ని అద్దెకిచ్చే కుర్రాడు ఘనుడండి, సగం తెలుగు సగం ఒడియాలో ట్రైనింగంతా పది సెకన్లలో అవగొట్టాడు, ఇది నొక్కితే ఎల్తాది, ఇది పడితే ఆగుతాది, ముందు డబ్బులియ్యండి. హెల్మెట్ ఏదిరా అంటే హ్యాండిల్‌కి వేలాడుతోంది, అంటే బండికి పెట్టారన్నమాట. ఇద్దరెక్కొద్దు, తారురోడ్డు ఎక్కొద్దు, పదహారేళ్ళ లోపు వాళ్ళకి ఇవ్వొద్దు అని మీ ఒంటిమీద బొమ్మలేసి మరీ స్టిక్కరుంది, దానిమీద ఎవరో ఆంజనేయస్వామిని అంటించేశారు, ఇంక అంతా ఆయనే చూసుకోవాలి.

మా బావమరిది బుల్లెట్ తోలే మనిషి. ఎక్కగానే హ్యాండిల్ మెలిపెట్టాడు, మీరు కదల్లేదు. బొటనవేలితో నొక్కాలని తెలిశాక గట్టిగా నొక్కాడు, మీరు ఎగిరారు, భయమేసి హ్యాండిల్ ఇంకా గట్టిగా పట్టుకున్నాడు, దాంతో వేలు ఇంకా నొక్కుకుంది. కాస్త ఒరిగేసరికి బైకు అలవాటుకొద్దీ కాలు కింద పెట్టాడు, వెనక చక్రం నిదానంగా ఆ కాలెక్కింది. హవాయి చెప్పుల్లో ఉన్న కాలు. మీ టైర్లలో గాలి ఏదో నాలుగైదు పీఎస్‌ఐ, బెలూన్లలాగ మెత్తగా ఉంటాయి, కింద ఇసక కూడా మెత్తన, అందుకని వాపుతో పోయింది. కాళ్ళు ఎప్పుడూ ఫుట్‌రెస్టు మీదే ఉండాలని, చీలమండ దాటిన బూట్లుండాలని కట్టు కట్టించుకున్నాక యూట్యూబులో చూశాడు.

మీ తాతగారికి మూడు చక్రాలేనంట కదా, 1970లో హోండా వాళ్ళింట పుట్టారు, జనాన్ని తిరగేస్తున్నారని 1988లో అమెరికాలో కంపెనీలు ఆ మోడళ్ళ అమ్మకం ఆపేశాయి. అప్పటికే మీరు నాలుగో చక్రంతో వచ్చేశారు, బుద్ధి మాత్రం తాతగారిదే.

ఇక్కడ తెప్ప మీద నిలబడ్డ జాలరిని చూడండి, అల ఎటొస్తే అటు ఒళ్ళు వంచుతాడు. మీమీదా అంతేనంట, ఎక్కేటప్పుడు ముందుకి, దిగేటప్పుడు వెనక్కి, అడ్డంగా పోతే ఎత్తున్న పక్కకి వంగాలి. ఇలా జరగడానికే సీటు పొడుగ్గా పెట్టారు. మావాళ్ళు ఆ పొడుగు చూసి ముందొక గుంటడిని, వెనక పెళ్ళాన్ని, మధ్యలో పాలకోవా ప్యాకెట్టుని పెట్టుకుంటారు, ఇంక వంగడానికి జాగా ఎక్కడిది.

ఒకాయనైతే పెట్రోలుకని మిమ్మల్ని హైవే ఎక్కించేశాడు, నంబరు ప్లేటు లేదు ఏం లేదు. మీలో చాలామందికి వెనక రెండు చక్రాలూ ఒకే ఇరుసుకి బిగించి ఉంటాయి, ఇసకలో అయితే జారి తిరుగుతాయి, తారు మీద జారవు, హ్యాండిల్ తిప్పినా మీరు తిన్నగానే పోతానంటారు. ఆయన బంకు దాటి టీకొట్టు దగ్గర ఆగాడు, టీ తాగడానికే వచ్చానని అందరికీ చెప్పాడు.

అన్నట్టు ఆ సీజన్‌లోనే రాత్రిపూట ఆలివ్ రిడ్లే తాబేళ్ళు మా ఒడ్డుకొచ్చి, ఒక్కో గుంటలో వందదాకా గుడ్లు పెట్టి ఇసక కప్పేసి పోతాయి. పైనుంచి చూస్తే ఏం తెలీదు, మీ చక్రాల కిందెన్ని గుంటలు పోయాయో లెక్కెవరు చూస్తారు.

బావమరిది కాలు బాగయ్యిందండి. మళ్ళీ పండక్కి వస్తున్నాం. ఈసారి మా అత్తగారు కూడా ఎక్కుతారంట, వెనకాల. సీటు అంత పొడుగుంది కదా అల్లుడూ, ఖాళీగా పోవడమెందుకు అంటున్నారు.