మనుషులు కనిపించకపోతే స్పీడు తగ్గించక్కర్లేదా?

విశాఖ వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరుగుతోంది. దాని సారాంశం: "హైవే మీద రోడ్డు పని బోర్డులు కాంట్రాక్టరు బిల్లు కోసమే. పనివాళ్లు కనిపించకపోతే స్పీడు తగ్గించక్కర్లేదు. భయమైతే నాలుగు ఇండికేటర్లూ వేసుకుని వెళ్లిపోండి. ప్రమాదం వాళ్లకే, మనకు కాదు." ఇది నమ్మి బండి నడిపితే ప్రాణం పోతుంది. అందుకే ఒక్కో మాటకీ జవాబు.

"పనివాళ్లు లేకపోతే ప్రమాదం లేదు."

పాత తారు పొరను మిల్లింగ్ మిషన్‌తో గీకేశాక, కొత్త పొర పడేదాకా పక్క లేనుకీ గీకిన లేనుకీ మధ్య ఒక మెట్టు మిగిలిపోతుంది. ఎత్తు నాలుగైదు సెంటీమీటర్లే, అంటే మూడు వేళ్లు కలిపి పెట్టినంత. కారుకి అదో కుదుపు. స్కూటరుకి అలా కాదు. మెట్టు పక్కనే సాగుతూ మెల్లగా పైకి జరుగుదామని చూస్తే ముందు చక్రం ఎక్కదు. టైరు అంచుకి రాసుకుంటూ పోతుంది, హ్యాండిల్ తిప్పినా బండి తిరగదు, మనిషి ఒరిగి పక్క లేనులో పడతాడు. వెనక లారీ ఉంటే అంతే సంగతులు. లేను మారక తప్పకపోతే ముందే వేగం బాగా తగ్గించండి, మెట్టుకి వీలైనంత అడ్డంగా ఎక్కండి, ఎక్కేటప్పుడు ముందు బ్రేకు పట్టకండి. వాన పడి నీళ్లు నిలిస్తే ఆ మెట్టు అసలు కనబడదు. రాత్రి పని ఆగిపోయినా మెట్టు అక్కడే ఉంటుంది. తవ్విన గొయ్యి, బయటికి పొడుచుకొచ్చిన ఇనుప చువ్వలు, ఆపి ఉంచిన రోలరు కూడా అక్కడే ఉంటాయి.

"బోర్డులు మరీ ముందు పెడతారు, అక్కడ పనేమీ ఉండదు."

ఉండకూడదు కూడా. రోడ్ల ప్రమాణాలు రాసే సంస్థ ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్. దాని ఎస్పీ 55 మార్గదర్శకాల్లో పని జోన్‌కి నాలుగు భాగాలు: ముందస్తు హెచ్చరిక, లేను సన్నబడే చోటు, పని జరిగే చోటు, మళ్లీ మామూలు దారిలో కలిసే చోటు. పని ఉండేది మూడో దాంట్లోనే. గంటకి 80 కిలోమీటర్లంటే సెకనుకి 22 మీటర్లు. చూసి, తేల్చుకుని బ్రేకు మీద కాలు వేసే రెండున్నర సెకన్లలోనే 55 మీటర్లు అయిపోతాయి. తడి రోడ్డు మీద ఆగడానికి ఇంకో 70 దాకా కావాలి. 40లో వెళ్తే మొత్తం కలిపి 45 మీటర్లు చాలు. వేగం సగమైతే, కావలసిన దూరం దాదాపు మూడో వంతుకి పడిపోతుంది. హనుమంతవాక వైపు దిగుడులాంటి చోట, అదీ నిండు లోడు లారీ అయితే, ఈ లెక్క కూడా సరిపోదు.

"నాలుగు ఇండికేటర్లూ వేస్తే చాలు."

అన్నీ వెలుగుతుంటే మీరు ఎటు తిరుగుతున్నారో వెనకవాడికి ఎలా తెలుస్తుంది? లేను సన్నబడే చోట అతనికి కావలసింది ఆ ఒక్క సమాచారమే. ముందు బండ్లు హఠాత్తుగా ఆగిపోయి మీరు వరస చివర చిక్కుకుంటే వెయ్యండి. వెనక ఇంకో బండి వచ్చి ఆగగానే తీసేయండి.

"ప్రమాదం పనివాళ్లకే."

జెండా ఊపే మనిషికి ప్రమాదం నిజమే. అతని జాకెట్ మీది మెరిసే పట్టీ దుమ్ము పడితే హెడ్‌లైట్ వెలుగులోనూ సరిగ్గా కనబడదు. కానీ అమెరికా లెక్కలు చూస్తే పని జోన్లలో చనిపోతున్నవాళ్లలో ఎక్కువమంది వాహనాల్లో వెళ్లేవాళ్లే. మన దగ్గర పోర్టు నుంచి, స్టీల్ ప్లాంటు నుంచి వచ్చే ట్రైలర్లున్నాయి. డైవర్షన్ మలుపులో ట్రైలరు వెనక చక్రాలు ముందు చక్రాల దారిలో రావు, లోపలికి కోసుకుంటూ వస్తాయి. బారికేడ్‌కీ ట్రైలరుకీ మధ్య సందు దొరికింది కదా అని బైకు దూర్చితే ఆ సందు మలుపులో మూసుకుపోతుంది. వెనకే ఉండండి, ఒక్క నిమిషం ఆలస్యమవుతుంది, అంతే.

బిల్లు మాటలో ఒక్కటి ఒప్పుకోవాలి. లైటూ రిఫ్లెక్టరూ లేకుండా నాలుగు రాళ్లు, ఓ చెట్టుకొమ్మ అడ్డం పెట్టి వదిలేసే చోట్లు ఉన్నాయి. అది క్షమించరాని తప్పు. 2019 సవరణతో మోటారు వాహనాల చట్టంలో చేరిన 198ఏ సెక్షన్ ప్రకారం, కాంట్రాక్టరు భద్రతా ప్రమాణాలు పాటించకపోవడం వల్ల ఎవరైనా చనిపోయినా, వైకల్యం పాలైనా అతనికి లక్ష రూపాయల దాకా జరిమానా వేయొచ్చు. జాతీయ రహదారి మీద అలాంటిది కనబడితే 1033కి ఫోన్ చేయండి. దగ్గర్లోని కిలోమీటరు రాయి అంకె, అనకాపల్లి వైపా ఆనందపురం వైపా, ఎన్ని గంటలకి చూశారు, ఈ మూడూ చెప్పండి. ఫొటో మాత్రం వెనక కూర్చున్నవాళ్లే తీయాలి. అందుకోసం బండి అక్కడ ఆపొద్దు.