‘తప్పు చెయ్యనోడికి భయమెందుకు’ అని పంపేవాళ్లకు

పొద్దటి నుంచి అదే మెసేజ్. మా హన్మకొండ డిగ్రీ బ్యాచ్ గ్రూపులో ముగ్గురు, చుట్టాల గ్రూపులో ఇద్దరు పంపారు. చైనా సర్కారుకు నెట్ కంపెనీలు వాడేవాళ్ల వివరాలు ఇవ్వడం మీద. సంగతి ఇది: “ఏ దేశంలో వ్యాపారం చేస్తే ఆ దేశ చట్టం పాటించాలి. సర్కారు అడిగితే కంపెనీ తన దగ్గరున్న జనం వివరాలు ఇవ్వాల్సిందే. కాదని వెళ్లిపోతే నష్టం జనానికే. అయినా చైనా గొడవ మనకెందుకు? తప్పు చెయ్యనోడికి భయమెందుకు?”

చైనా గొడవ మనకెందుకంటే, మన ఫొటోలు, మెయిళ్లు దాచేదీ ఈ కంపెనీలే కాబట్టి. దీని మీద ఇంతకన్నా రాయను.

చట్టమంటారా, నిజాం జమానాలో గస్తీ నిషాన్ 53 కూడా చట్టమే. అనుమతి లేకుండా సభ పెట్టొద్దంది. కాళోజీకి వరంగల్ నుంచి బహిష్కరణ వేసిందీ ఆ సర్కారే. సెప్టెంబర్ 9న, పుట్టినరోజని, ఆయన ఫొటో స్టేటస్ పెట్టుకునే దోస్తులే ఈ మెసేజ్ పంపుతుంటే నాకు కడుపు మండుతోంది.

వెళ్లిపోతే నష్టం జనానికే అన్నది మాత్రం ఒప్పుకుంటా. 2010లో గూగుల్ తన చైనా సెర్చ్‌ను అక్కడ మూసి హాంకాంగ్‌కు మళ్లించింది. దానివల్ల అక్కడి పాఠకుడికి ఒరిగిందేమీ లేదు. కానీ ఉండటమంటే అన్నీ అప్పజెప్పడమా? అదే గూగుల్ 2006లో సెన్సార్ చేసిన సెర్చ్ తెరిచినప్పుడు జీమెయిల్‌ను చైనాలో పెట్టలేదు. మెయిళ్లు అక్కడుంటే ఎవరు అడుగుతారో తెలుసు. ఆపిల్ మాత్రం 2018లో చైనావాళ్ల ఐక్లౌడ్‌ను, అంటే వాళ్ల ఫొటోలు, ఫైళ్లు దాచే చోటును, చైనాలోని గుయిజౌ రాష్ట్రంలో ఉన్న సర్కారీ కంపెనీకి అప్పగించింది.

ఇక ‘తప్పు చెయ్యనోడు’. 2004 ఏప్రిల్ 20 రాత్రి 11:32. చైనాలోని చాంగ్‌షా నగరంలో ఒక పత్రికాఫీసు. 1989లో బీజింగ్‌లో ఉద్యమకారుల మీద సైన్యం జరిపిన తియనాన్మెన్ కాల్పులకు 15 ఏళ్లు నిండబోతున్నాయి, వార్తల విషయంలో జాగ్రత్త అని కమ్యూనిస్టు పార్టీ నుంచి పత్రికలకు ఆదేశాలొచ్చాయి. షీ తావ్ అనే విలేకరి ఆ సంగతులు రాసుకుని, యాహూ మెయిల్లో న్యూయార్క్‌లోని ఒక వెబ్‌సైట్‌కు పంపాడు. అంతే ఆయన చేసింది. ఆ టైముకు ఆ ఐపీ అడ్రస్ (నెట్ కనెక్షన్‌ను గుర్తుపట్టే నంబరు) ఏ ఆఫీసుదో, ఫోన్ నంబరు ఏదో యాహూ హాంకాంగ్ సంస్థ ఇచ్చిందని తీర్పులోనే ఉంది. పదేళ్ల శిక్ష పడింది. 2013లో గానీ బయటికి రాలేదు. చెప్పండి, ఆయన చేసిన తప్పేంటి? తప్పు ఏదో నిర్ణయించేది కూడా అడిగేవాడే అయితే, తప్పు చెయ్యనోడంటూ ఎవరు మిగులుతారు?

వివరాలిచ్చినప్పుడు అది ఏ కేసో మాకు తెలియదని 2006లో యాహూ అమెరికా కాంగ్రెస్‌కు చెప్పింది. మరుసటి ఏడు, షీ తావ్ వివరాలు అడుగుతూ చైనా సర్కారు యాహూకు ఇచ్చిన ఆదేశం కాపీ బయటపడింది. విదేశీయులకు దేశ రహస్యాలు అందించిన కేసని అందులోనే ఉంది. ఆ నవంబర్‌లో కాంగ్రెస్ విచారణకు వచ్చిన యాహూ అధిపతి జెర్రీ యాంగ్, వెనక కూర్చున్న షీ తావ్ తల్లి ముందు తల వంచాడు.

ఇంత కోపం ఎందుకో కూడా చెప్తా. అప్పట్లో నేను చౌరస్తా దగ్గర నెట్ సెంటర్ నడిపేవాణ్ణి. గీతల నోట్‌బుక్‌లో పేరు, టైము, సిస్టం నంబరు రాయించేవాణ్ణి. ఒక రోజు మఫ్టీలో ఒకాయన వచ్చి “నిన్న ఏడింటికి మూడో సిస్టం మీద ఎవడు?” అన్నాడు. నేనే పేజీ తిప్పి, పేరు కింద వేలు పెట్టి చూపించా. రెండు రోజులకు ఆ పిలగాణ్ణి వదిలేశారట. మళ్లీ నా దుకాణం మెట్టెక్కలేదు.

“ఏ కేసు సార్?” అని నేను అడగలేదు. యాహూకు అడిగే పని కూడా లేకపాయె, కాగితం మీదే రాసి ఉంది.