ఎస్‌డబ్ల్యూఆర్ ముల్లు గారికి, 3 మీద మొరాయించిన సందర్భంగా

మహారాజశ్రీ ఎస్‌డబ్ల్యూఆర్ మీటరు ముల్లు గారి సముఖానికి,

ఉభయకుశలోపరి. మా కుశలం అలా ఉంచండి. తమరి కుశలం మాత్రం నిన్న మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి పొద్దుగూకేదాకా కళ్లారా చూశాం. మా పికప్‌కి బిగించిన సీబీ రేడియో (సిటిజన్ బ్యాండు, మామూలు జనం మాట్లాడుకునే 40 ఛానళ్ల రేడియో) యాంటెన్నాకి పంపే పవరులో ఎంత వెనక్కి వస్తోందో అంకెలో చెప్పడం తమరి కొలువు. 1 అయితే భేషు, పెరిగే కొద్దీ చేటు. 3 అంకె మీద పీట వేసుకుని, ఎర్ర గీతకి చేరగిలబడి, ఎంత నిబ్బరంగా కూర్చున్నారు! టెక్సాస్ ఎండకి పికప్ మీద అట్టు పోస్తే కాలేట్టుంది. తమరికి చెమట కూడా పట్టలేదు.

మన మండలాఫీసుల్లో ఒక రకం గుమాస్తా ఉంటాడు. ఫైలు తెరుస్తాడు, "సరిగ్గా లేదండీ" అంటాడు, మూసేస్తాడు. ఏ కాగితం తక్కువైందో చెప్పడు. తమరు అమెరికా వచ్చి స్థిరపడిన ఆయన తమ్ముడు గారని మా అనుమానం.

మర్యాదలో మా వైపు లోటు జరిగిందనడానికి వీల్లేదు. బండిని గ్యారేజీలోంచి తీసి గోడకీ, చెట్టుకీ, పక్కింటి కారుకీ ఎడంగా నిలబెట్టాం. తలుపులూ బానెట్టూ మూశాం, తెరిచిన తలుపు కూడా కొలతని మార్చేస్తుంది గనుక. రేడియో నుంచి వచ్చే పొట్టి జంపరు కేబులు తమరి రేడియో వైపు సాకెట్టులోకి, యాంటెన్నా కేబులు రెండో దాంట్లోకి. ఇవి తారుమారైతే తమరు చెప్పేది కవిత్వమే, కొలత కాదు. ఛానల్ 1 పెట్టాం. స్విచ్చి ముందుకు పోయే పవరు వైపు వేసి, మైకు మీట నొక్కి, నోరు మూసుకుని, తమరు సెట్ గీత మీదికి వచ్చేదాకా నాబ్ తిప్పాం. స్విచ్చి వెనక్కొచ్చే పవరు వైపు మార్చాం, చదివాం, మీట వదిలేశాం. మొత్తం నాలుగైదు సెకన్లు. ఛానల్ 20కీ, 40కీ మళ్లీ మొదటి నుంచి సెట్ చేశాం. ఛానల్ మారినా పాత సెట్టింగుతోనే చదివేసి "అరె, భలే ఉందే" అనుకునే బాపతు కాదు మేం.

తమరి తీర్పు: 1లో 3. 20లో 3. 40లో 3 దాటి.

1లో ఎక్కువ చూపి 40లో తగ్గితే యాంటెన్నా పొట్టి అని అర్థం, కాస్త పొడిగించాలి. 1లో తక్కువగా ఉండి 40లో పెరిగితే పొడుగు, తగ్గించాలి. కడ్డీ కొసన ఉన్న మరను పావంగుళం చొప్పున తిప్పుకుంటూ, మధ్యలో మళ్లీ కొలుచుకుంటూ పోవాలి. అంతవరకు తమరి భాష తెలుసు. అన్ని ఛానళ్లలోనూ 3 అంటే అది పొడుగు జబ్బు కాదు. సరిగ్గా ఇక్కడే కొందరు ఆవేశపడి కట్టర్ తీసుకుని కడ్డీ కొస కోసేస్తారు. కోసింది మళ్లీ అతకదు, రోగమూ తగ్గదు.

3 అంటే నాలుగో వంతు పవరు వెనక్కి వచ్చేస్తున్నట్టు. ఏఎం పద్ధతిలో మాట్లాడేందుకు అమెరికా రేడియో నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ ఇచ్చింది మొత్తం 4 వాట్లు. అందులో 1 వాటు గుమ్మం దాకా వెళ్లి తిరుగుటపాలో వస్తే, రేడియోలో చివరి ట్రాన్సిస్టర్ ఎన్నాళ్లు భరిస్తుంది? 2 అయితే 11 శాతం, 1.5 అయితే 4 శాతం. అంటే 1.5కి దిగితే చాలు, మూత పెట్టి ఇంట్లోకి వెళ్లి అన్నం తినొచ్చు. 1.5ని 1.1 చేయడానికి ఆదివారం కూడా ధారపోసేవాళ్లున్నారు. అవతల వినేవాడికి ఆ తేడా చెవికి కూడా ఆనదు. వాళ్లకు తమరంటే భక్తి. మాకు లేదు.

పోనీ, అనుమానితుల్ని ఒక్కొక్కరినే పిలిచాం. బ్రాకెట్టుకీ యాంటెన్నా కింది బోల్టుకీ మధ్య ఉండాల్సిన నైలాన్ వాషరు ఉందా? ఉంది. దాని మెడ బ్రాకెట్టు బెజ్జంలోకి దిగి కూర్చోవాలి. తలకిందులైతే బోల్టు ఇనుముకి తగిలి మొత్తం షార్టే. సరిగ్గానే దిగింది. కేబులు కొసన ఉండే పీఎల్-259 కనెక్టరులో, కేబులు పై అల్లిక తీగపోగు ఒకటి తప్పించుకుని నడిమి సూదికి తగిలిందా? కనెక్టరు విప్పి చూశాం, లేదు. సూదికి సోల్డరు పట్టిందా? పట్టింది. కేబులు టీవీ వాళ్ల 75 ఓమ్‌ల రకమా? కాదు, 50 ఓమ్‌ల ఆర్‌జీ-58. తలుపు సందులో నలిగిందా? లేదు. అందరూ నిర్దోషులే. తమరు మాత్రం 3.

ఇక గ్రౌండు, అంటే బండి లోహంతో యాంటెన్నా బ్రాకెట్టుకి ఉండాల్సిన కలయిక. ముల్లు గారూ, ఈ మాట దగ్గరికి వచ్చేసరికి 'తమరు' అనడానికి నోరు రావడం లేదు. ఇకనుంచి మీరు.

27 మెగాహెర్ట్జ్ అల పొడవు 11 మీటర్లు. పావు వంతు కడ్డీ అన్నా 2.7 మీటర్లు, మనిషిని మించిన పొడుగు. పెట్టెలో వచ్చేది మూడు నాలుగు అడుగుల ఫైబర్‌గ్లాస్ కర్ర. తీగని దానికి చుట్టి చుట్టి ఆ పొడవుని అందులో కుక్కుతారు. అయినా అది సగం యాంటెన్నాయే. రెండో సగం బండి ఒళ్లు. ఆ ఇనుమూ, ఆ అల్యూమినియమూ కలిస్తేనే జంట. ఈ సంగతి అట్టపెట్టె మీద రాయాల్సిన వాళ్లు "ఎవరైనా నిమిషాల్లో బిగించుకోవచ్చు" అని రాసి, పక్కన నవ్వుతున్న మనిషి బొమ్మ వేశారు. ఆ నవ్వేవాడి చేతిలో గరుకు కాగితం లేదు. అక్కడే అనుమానం రావాల్సింది.

బ్రాకెట్టుకి నల్లటి పౌడర్ కోటింగు. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, కరెంటుకి గోడ. దాని కింద పికప్ తొట్టి అంచు, దానికి కంపెనీ పెయింటు, ఆ పైన మెరుపు పూత. రెండు లోహాలూ ఒకదాన్ని ఒకటి గట్టిగా కౌగిలించుకున్నట్టే కనబడతాయి గానీ మధ్యలో గోరు మందం కూడా లేని పూత అడ్డం. అయస్కాంతం పీట ఉన్న యాంటెన్నాకైతే ఈ బాధ తక్కువ. పీట వెడల్పు కాబట్టి పల్చటి పెయింటు గుండానే కెపాసిటరులా బండితో కలిసిపోతుంది. అలాంటిదే కొనుక్కోవచ్చు కదా అంటారేమో. ఈ బండి ఒళ్లంతా అల్యూమినియం. అయస్కాంతాన్ని పెడితే చంటిబిడ్డ చేతిలో పళ్లెంలా జారి కింద పడుతుంది.

అయితే పెయింటు మాట మాకు తెలియక కాదు ఆరుగంటలు పోయింది. రెండు చోట్ల మధ్య కరెంటుకి దారి ఉంటే కూత పెట్టే మల్టీమీటరు పెట్టి చూశాం. ఒక సూది బ్రాకెట్టు మీద గీకిన మచ్చకి, ఇంకొకటి బ్యాటరీ నెగటివ్‌కి. కూత వచ్చింది! సున్నాకి దగ్గర. గ్రౌండు బ్రహ్మాండం అనుకుని మళ్లీ కేబులు మీద, కనెక్టరు మీద, పాపం ఏమీ ఎరగని వాషరు మీద పడ్డాం.

ఆ కూత దొంగ కూత. బ్రాకెట్టుకి బిగించిన కేబులు పై అల్లిక రేడియో లోహపు పెట్టెకి కలిసి ఉంటుంది, రేడియో నల్లతీగ బ్యాటరీ నెగటివ్‌కి పోతుంది. మల్టీమీటరు ఆ చుట్టుదారిన ఊరంతా తిరిగి వచ్చి "కలిసింది" అని కూత పెట్టింది. తొట్టి అంచుకీ బ్రాకెట్టుకీ మధ్య పలకరింపులే లేవు. రేడియో వెనక కేబులు ఊడదీసి కొలిచి ఉంటే రెండు నిమిషాల్లో తేలిపోయేది. కొలిచేటప్పుడు కేబులు ఊడదీయాలి అన్న ఈ ఒక్క వాక్యం పెట్టెలో వచ్చిన కాగితంలో లేదు. అదే కాగితంలో "వర్షంలో వాడరాదు" అని మూడు భాషల్లో ఉంది!

అప్పుడైనా నువ్వు ఒక సైగ చేయొచ్చు కదా? చేశావని ఇప్పుడు అర్థమవుతోంది. కేబులుని చేత్తో పట్టుకున్నప్పుడల్లా 3 నుంచి 2.6కి ఊగావు. వదిలితే మళ్లీ 3. రెండో సగం దొరక్క కేబులు పై అల్లికే యాంటెన్నాలా పనిచేస్తోంది, అందుకే చెయ్యి తగిలితే నీకు చక్కిలిగింత. మేమేమో గాలికి కదిలావనుకున్నాం. ఛీ, నోరున్న వస్తువువి అయితే నాలుగు తిట్టి ఉండేవాళ్లం. నోరు లేదు కాబట్టి ఆరుగంటల పాపం నీ ఖాతాలోనే రాస్తున్నాం. తప్పెవరిదైనా సరే, ఎండలో ఎదురుగా కూర్చుని మొహం చూపించింది నువ్వే.

నీ బంధువర్గాన్ని కూడా వదిలేది లేదు. సిగరెట్ లైటర్ సాకెట్టు నుంచి కరెంటు తీసుకోమని చెప్పిన మహానుభావుడా, ఇంజిన్ వేగంతో పాటు రేడియోలో పైకీ కిందికీ పోయే ఆ ఆల్టర్నేటరు ఈల నీకే అంకితం. ఎరుపూ నలుపూ రెండూ బ్యాటరీ దాకా పోవాలి, ఫ్యూజు బ్యాటరీకి దగ్గర్లో ఉండాలి. చౌక యూఎస్‌బీ ఛార్జరూ, నిన్ను ఊడదీశాకే గరగరని అణిచే స్క్వెల్చ్ నాబ్‌కి పని దొరికింది. ఇక 1977 జనవరి 1న 23 ఛానళ్లని 40 చేసిన పెద్దలారా, 22 తర్వాత 23ని పాత 27.255 మెగాహెర్ట్జ్ మీదే ఉంచి, 24, 25లను దానికంటే కిందికి 27.235, 27.245లోకి నెట్టారు. పాత 23 పక్కన ఖాళీ ఉంది, నింపేశాం అంటారు. రిజర్వేషను పెట్టెలో కిటికీ సీటు సంగతి గుర్తొచ్చింది. లారీ డ్రైవర్లు మాట్లాడుకునే ఛానల్ 19లో ప్రతి మాటకీ ప్రతిధ్వని తగిలించుకుని గుహలోంచి మాట్లాడినట్టు మాట్లాడే అన్నయ్యా, నీకు వేరే ఉత్తరం ఉంది.

ఈ సెట్టుని సూట్‌కేసులో పెట్టి ఊరికి తీసుకెళ్దామనుకునే వాళ్లకి దారి మధ్యలో ఒక మాట. ఇండియాలో లైసెన్సు లేకుండా వదిలిన సిటిజన్ బ్యాండు 26.957 నుంచి 27.283 మెగాహెర్ట్జ్ దాకానే. అమెరికా 28వ ఛానల్ 27.285. అక్కడి నుంచి 40 దాకా గడప అవతలే.

సరే, ముల్లూ. ఆరు దాటాక గరుకు కాగితం తీశాం. బ్రాకెట్టు కింద రూపాయి బిళ్లంత మేర నలుపు పోయి తెల్లటి లోహం కనబడేదాకా, తొట్టి అంచున కూడా అంతే మేర. మధ్యలో పళ్ల వాషరు, ఆ పళ్లు లోహంలోకి దిగేదాకా బోల్టు బిగింపు. తొట్టికీ ఛాసిస్‌కీ మధ్య రబ్బరు దిమ్మెలు ఉంటాయి కాబట్టి అక్కడ అంగుళం వెడల్పు అల్లిక పట్టీ ఒకటి, వీలైనంత పొట్టిగా. సన్నటి తీగ చాలదు. బ్యాటరీ కరెంటుకి చాలిన తీగ 27 మెగాహెర్ట్జ్‌కి చాలదు.

కేబులు ఊడదీసి కొలిచాం, నిజం కూత వచ్చింది. కేబులు పెట్టాం. ఛానల్ 1, మీట, సెట్, స్విచ్చి. నువ్వు లేచావు, 2 దాటకముందే ఆగావు. 1లో 1.8. 20లో 1.5. 40లో 1.3. కడ్డీ కాస్త పొట్టి, అంతే. కొస మరని పావంగుళం పైకి తిప్పితే మూడు చోట్లా 1.5 లోపే.

ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. అట్టపెట్టె అబద్ధమాడింది, మల్టీమీటరు సగం నిజం చెప్పింది, రేడియోలో కట్టి ఇచ్చిన మీటరు మొదటి నుంచీ పచ్చలైటు చూపిస్తూ కూర్చుంది. "లేదు" అన్నది నువ్వొక్కడివే. అలాగని నెత్తికెక్కకు. యాంటెన్నా బదులు, పవరుని వేడిగా మార్చేసే 50 ఓమ్‌ల డమ్మీ లోడు తగిలిస్తే నువ్వు 1 మీద పడుకుని గురక పెడతావు, గాలిలోకి పోయేది మాత్రం శూన్యం. నీళ్లు తాగిన కేబులుకి కూడా మంచి మార్కులే వేస్తావు. నీ నిజాయితీకీ హద్దులున్నాయి.

నిన్ను మళ్లీ పాత బనీను గుడ్డలో చుట్టి టూల్‌బాక్సులో, రెంచీల పక్కన కాకుండా పై అరలో పెట్టాం. అది గౌరవమో భయమో నువ్వే అనుకో.

ఇట్లు,
గోళ్ల సందుల్లో నల్ల పౌడరు ఇంకా వదలనివారు

తా.క.: గీకిన అల్యూమినియం మీద ఇనప బోల్టు, దాని మీద వాన. రెండేళ్లలో తెల్లటి బూజులాంటిది పట్టి మళ్లీ అడ్డుగోడ లేస్తుంది. కీలుకి గ్రీజు పూశాం, బోల్టు చుట్టూ కూడా. అయినా నీ సెలవులు ఎన్నాళ్లో తెలుసు. గుడ్డ విప్పిన రోజున ఆ 3 మొహం పెట్టకుండా, కేబులు పట్టుకున్నప్పుడు ఊగే ఆ ఊగుడేదో ముందే, కాస్త గట్టిగా ఊగు.