రెండు గంటల్లో పేనుబంక చస్తే, ఆ పని బూజుది కాదు

సిరొంచ వైపు మిరప, పత్తి రైతుల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. బూజు నుంచి తీసిన ఎంజైము ద్రావణం ఒక్కసారి కొడితే, చివుళ్ళ రసం పీల్చే పేనుబంక రెండు గంటల్లో మాడిపోతుందట. జీవ మందు కాబట్టి ఏ వేళలోనైనా, ఏ మందుతోనైనా కలిపి కొట్టొచ్చట. బెల్లం నీళ్ళలో ఇంట్లోనే పెంచుకోవచ్చట. దీన్ని నమ్మి డబ్బు పోగొట్టుకోకండి.

బూజు మందు మీద నాకు అనుమానం లేదు. బవేరియా, వెర్టిసిలియం అనే బూజులు రెండూ పేనుబంకను చంపుతాయి. కానీ ఎలా? బూజుకు విత్తనం లాంటి సిద్ధబీజం పురుగు ఒంటికి అంటుకుని, తేమ దొరికితే మొలకెత్తుతుంది. అప్పుడు లైపేజ్, ప్రోటియేజ్, కైటినేజ్ అనే ఎంజైములు వదిలి, మైనం, ప్రోటీను, కైటిన్ అనే గట్టి పదార్థంతో అల్లుకున్న పురుగు చర్మాన్ని మెత్తబరుస్తుంది. ఆ దారిన లోపలికి దిగి పెరుగుతుంది. గోడకు కన్నం వేసేది ఎంజైము, లోపల దోచుకునేది బూజు. పురుగు చావడానికి మూడు నుంచి ఏడు రోజులు పడుతుంది.

మరి రెండు గంటల్లో చచ్చినవి? సబ్బో, నూనో, లేబుల్ మీద రాయని రసాయనమో అయి ఉంటుంది. పోయిన ఏడు నేనూ ఒక దుకాణంలో రిజిస్ట్రేషన్ నంబరు లేని సీసా కొన్నాను. సాయంత్రానికే పేనుబంక రాలింది, దాన్ని తినే అక్షింతల పురుగులూ రాలాయి. ఆ రోజు చాలా బాధపడ్డాను. పది రోజులకు చివుళ్ళు మళ్ళీ జిగురు పట్టాయి. పేనుబంక ఆడది మగతోడు లేకుండానే పిల్లలను కంటుంది. ఆ పిల్లలు వారం పది రోజుల్లో తల్లులవుతాయి. నాలుగు మిగిలినా చాలు. 1968 పురుగుమందుల చట్టం కింద జీవ మందుకూ రిజిస్ట్రేషన్ ఉండాలి. ప్యాకెట్ మీద ఆ నంబరు, గ్రాముకు 10 కోట్ల జీవకణాలు, గడువు తేదీ చూసి కొనండి.

ఏ వేళలోనైనా అన్నది తప్పు. మండే ఎండలో సిద్ధబీజాలు చస్తాయి. పొద్దు వాలాక, ఆకు అడుగున తడిసేలా కొట్టాలి. మాంకోజెబ్, కార్బెండజిమ్ బూజును చంపడానికే పుట్టిన మందులు, వాటితో ఎలా కలుపుతాం? బెల్లం నీళ్ళలో మన బూజు కంటే గాలిలోని ఈస్టులు, బాక్టీరియా ముందు పెరుగుతాయి.

మెసేజ్‌లో లేని ముఖ్యమైన విషయం ఒకటుంది. మిరపలో ఆకులకు మచ్చల తెగులు తెచ్చే మొజాయిక్ వైరస్‌ను పేనుబంక నిమిషంలోపే అంటించగలదు. రోజుల తర్వాత చంపే బూజు దాన్ని ఆపలేదు. అందుకే నేను నాటేముందే చేను చుట్టూ మూడు వరుసల జొన్న వేస్తున్నాను. ఎగిరొచ్చిన పేనుబంక ముందు జొన్న మీద వాలి, నోటిలోని వైరస్‌ను అక్కడే వదిలేస్తుంది.